చక్రము మారినచో నడక మారును



వరంగల్లు నుండి కరీంనగరమునకు పోవు బాటలో హనుమకొండ దాటి, భీమారము మీదుగా ఎర్రగట్టు గుట్టను చేరి, ఇంకను కొంత ముందునకు సాగినచో మా హసన్‌పర్తి వచ్చును. సాయంకాలపు వేళ ఈ బాట ప్రక్కన ఒక్క గడియ నిలిచి చూచువారికి చక్రముల సంత కానవచ్చును. రాతి దిమ్మెలను మోయు లారీల జంట చక్రములు, పొలము దున్ని వచ్చు ట్రాక్టర్ల పెద్ద వెనుక చక్రములు, ఆర్టీసీ బస్సుల చక్రములు, అక్కడక్కడ ఇంకను మిగిలియున్న టైరుబండ్లు. వీని నడుమ వెండివలె మెరయు వెడల్పాటి చక్రములతో యువకుల కార్లు.

ఈ మెరయు చక్రములను గూర్చియే నేడు మీతో కొంతసేపు ముచ్చటింపదలచితిమి. కారుతో పాటు కంపెనీవారిచ్చిన చక్రములను తీసివేసి, బజారులో వేరుగా కొన్న చక్రములను బిగించినచో ఆ కారు నడకలో వచ్చు మార్పు యెట్టిది? స్పోర్ట్సు కార్లని పిలువబడు వేగపు బండ్ల విషయమున ఈ ప్రశ్న మొదట పుట్టినది. నేడది మన ఇండ్ల ముంగిళ్లకే వచ్చినది. స్పోర్ట్సు కారు కొనలేనివారును దాని చక్రముల వంటి చక్రములను కొనగలుగుచున్నారు గదా!

మా ఇంటి సంగతియే చెప్పుదుము. మాకు 2015లో కొన్న చిన్న కారొకటి కలదు. పదిహేను అంగుళముల ఇనుప చక్రములతో అది మా ఇంటికి వచ్చెను. మా అన్నగారి కుమారుడు ఇంజనీరింగు విద్యార్థి. ఆ ఇనుప చక్రములును, వాని మీది ప్లాస్టికు మూతలును అతని కంటికి ఆనలేదు. "చిన్నాయనా, బండి మంచిదే గని, చెప్పులు బాగలేవు" అని నవ్వెడివాడు. ఒక పండుగకు ముందు అతని మాట విని పదునేడు అంగుళముల అల్లాయి చక్రములను, వానికి తగిన టైర్లతో సహా కొని బిగించుకొంటిమి. సొమ్ము మాది, ఎంపిక అతనిది. ఆ సాయంకాలము వీధివారందరు చూచి మెచ్చుకొనిరి. మేమును లోలోన సంతసించితిమి.

మొదటి వారము మాకు మేలే కనబడెను. పూర్వము మలుపులో స్టీరింగు త్రిప్పుటకును, బండి తిరుగుటకును నడుమ ఒక చిన్న జాగు ఉండెడిది. ఆ జాగు తగ్గెను. ఇది భ్రమ కాదు. దీనికి కారణము కలదు.

టైరు ప్రక్కన అచ్చువేసిన అంకెలను మీరు చూచియుందురు. మా పాత టైరు మీద 185/65 ఆర్ 15 అని యుండెను. ఇందు 185 అనునది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అనునది రబ్బరు గోడ ఎత్తు. వెడల్పులో నూటికి 65 పాళ్లు, అనగా సుమారు 120 మిల్లీమీటర్లు. 15 అనునది లోపలి చక్రపు వ్యాసము, అంగుళములలో. క్రొత్త టైరు మీద 205/45 ఆర్ 17 అని యుండెను. దాని రబ్బరు గోడ 92 మిల్లీమీటర్లు మాత్రమే. నేలను తాకు బయటి వ్యాసము పాతదానికి సుమారు 621 మిల్లీమీటర్లు, క్రొత్తదానికి సుమారు 616. అనగా బయటి కొలత దాదాపు అదియే. లోపల లోహము పెరిగి రబ్బరు తగ్గినది.

మలుపులో కారు బరువు ప్రక్కకు త్రోయును. ఆ త్రోపునకు రబ్బరు గోడ వంగును. అప్పుడు చక్రము చూచు దిక్కొకటి, టైరు సాగు దిక్కొకటి అగును. ఈ రెండు దిక్కుల నడిమి కోణమును ఇంజనీర్లు స్లిప్ కోణమందురు. కారును మలుపు త్రిప్పు బలము ఈ కోణము నుండియే పుట్టుచున్నది. గోడ పొట్టిదై గట్టిదైనచో కొలది కోణముతోనే ఆ బలము చిక్కును. కనుకనే స్టీరింగు చెప్పిన మాటను బండి వెంటనే వినును. స్పోర్ట్సు కార్లకు పొట్టి గోడ టైర్లు తొడుగుటలోని ఒక రహస్యమిది.

వెడల్పు విషయమున మాత్రము లోకములో ఒక పొరపాటు నమ్మకము కలదు. టైరు వెడల్పైన కొలది నేలపై ఆను చోటు కూడ అంత పెరుగునని పలువురు తలంతురు. ఆ చోటు ముఖ్యముగా టైరుపై పడు బరువును బట్టియు, లోపలి గాలి ఒత్తిడిని బట్టియు ఉండును. ఆ రెండును మారనిచో వైశాల్యము పెద్దగా మారదు, ఆకారము మారును. నిడివి తగ్గి వెడల్పు పెరుగును. పొడి బాటపై మలుపులలో ఇది మేలు. వానలో అట్లు కాదు. వెడల్పు టైరు తన ముందున్న నీటిని ఎక్కువ మేర నెట్టవలసియుండును. నెట్టలేనినాడు ఆ నీటిపైనే తేలును. తేలిన టైరునకు స్టీరింగును లేదు, బ్రేకును లేదు.

ఇక నష్టముల కథ. మూడవ నెలలో ఒకనాటి రాత్రి బాటలోని గుంత ఒకటి మా కంటబడక ముందే చక్రము దానిలో పడెను. పాత చక్రమైనచో 120 మిల్లీమీటర్ల రబ్బరు గోడ ఆ దెబ్బను దిగమ్రింగెడిదేమో! 92 మిల్లీమీటర్ల గోడ నలిగి, దెబ్బ నేరుగా లోహపు అంచునకు తగిలెను. మరునాడు చూడగా అంచు ఒకచోట సొట్టపడి, గాలి కొంచెము కొంచెముగా పోవుచుండెను. చక్రమును విప్పి మెకానికు వద్దకు కొనిపోవునపుడు దాని బరువు మాకు వింతగా తోచెను. ప్రక్కనే యున్న ధాన్యపు కొట్టులోని కాంటా మీద దానిని ఉంచితిమి. టైరుతో కలిపి 20 కిలోలు తూగెను. ఇంటికి పోయి, అటక మీద పడవైచిన పాత ఇనుప చక్రమును తెచ్చి తూచితిమి. అది 16 కిలోలే!

అల్లాయి యనిన వెంటనే తేలికయని మేము నమ్మియుంటిమి. అల్యూమినియము ఇనుములో మూడవ వంతు బరువుదే, సందేహము లేదు. కాని అది ఇనుమంత గట్టిది కాదు గనుక దళసరిగా పోయవలెను. అచ్చులో పోసిన చక్రము ఒక రకము. అధిక ఒత్తిడితో లోహమును నొక్కి సాగగొట్టిన చక్రము మరొక రకము. రెండవది తక్కువ లోహముతోనే గట్టిగా నుండును, వెలయు ఎక్కువ. మేము కొన్నది మొదటి రకము. పైగా రెండంగుళములు పెద్దది. కనుక పేరు తేలికదైనను ఒడలు బరువాయెను.

చక్రమునకు నాలుగు కిలోల చొప్పున నాలుగు చక్రములకు పదునారు కిలోలు. వేయి కిలోల కారులో ఇదొక లెక్కయా యని అడుగవచ్చును. కారు డిక్కీలో పదునారు కిలోల బియ్యము వేసికొన్నచో లెక్క కాదు. చక్రములో చేరినచో లెక్కయే. దీనికి రెండు కారణములు కలవు.

మొదటిది: కారు శరీరము స్ప్రింగుల మీద కూర్చుండియుండును, చక్రములు స్ప్రింగుల క్రింద, నేల మీద ఉండును. స్ప్రింగుల పైనున్న శరీరము సెకనుకు ఒకటి రెండు మారులు మెల్లగా ఊగును. క్రిందనున్న చక్రము గతుకుల మీద సెకనుకు పది పన్నెండు మారులు ఎగిరి పడగలదు. చక్రము తేలికయైనచో గతుకు నెక్కి వెంటనే దిగి నేలను అంటుకొనును. బరువైనచో ఎగిరిన చక్రమును క్రిందికి త్రోయుటకు స్ప్రింగునకు ఎక్కువ సమయము పట్టును. ఆ కొలది సేపు టైరు పట్టు సడలును. మలుపు నడుమ గతుకు వచ్చినచోట కారు ప్రక్కకు జరిగినట్లు తోచుట ఇందువలననే.

రెండవది: చక్రము కారుతో పాటు ముందునకు సాగుటయే కాక తనచుట్టు తాను తిరుగుచున్నది. గంటకు 60 కిలోమీటర్ల వేగమున మా చక్రము నిమిషమునకు సుమారు 510 మారులు తిరుగును. సాగించుటకు కొంత బలము, తిప్పుటకు కొంత బలము కావలెను. చక్రపు అంచున ఒక కిలో చేర్చినచో, వేగమును పెంచునపుడును, బ్రేకు వేయునపుడును అది రెండు కిలోల వలె ప్రవర్తించును. నడిమి భాగమున చేర్చినచో అంత కాదు. పెద్ద చక్రము బరువును అంచువైపునకే జరుపును. తూనికకు చిక్కిన నాలుగు కిలోల కంటె దాని పీడ ఎక్కువ యగుట ఇందువలననే.

కాంటా ఇంత స్పష్టముగా చెప్పినను మేము వినలేదు. సొట్టను సరిచేయించి అవే చక్రములను మరల బిగించుకొంటిమి. పెట్టిన సొమ్ము మీది మమకారమట్టిది.

ఆ యేటి వానకాలమున ఒకనాడు మా తల్లిగారిని కరీంనగరము నుండి తీసికొని వచ్చుచుంటిమి. మునిమాపు వేళ; సన్నని జల్లు. ఊరు ఇంకను కొన్ని కిలోమీటర్ల దూరమున నుండగా ఎదుటి నుండి వచ్చు లారీని దాటుటకై ఒక బస్సు మా వైపునకు వచ్చెను. మేము ఎడమకు తప్పుకొంటిమి. ఎడమ చక్రములు రెండును తారు దిగి తడిసిన మట్టిలో పడెను. కుడి చక్రములు తారు మీదనే యుండెను. బ్రేకు త్రొక్కితిమి. ఆ క్షణమున స్టీరింగు మా చేతులలో నుండి గుంజుకొన్నట్లు కుడికి తిరిగెను. కారు ఎదుటివైపునకు దూకెను. బస్సు అప్పటికే దాటిపోయెను గాని, లారీ ఇంకను దాటలేదు. దాని డ్రైవరు పక్కకు కోయుట వలనను, మా అదృష్టము వలనను ఇరువండ్ల నడుమ కొన్ని మూరల ఎడము మిగిలెను.

బండి నిలిచిన పిమ్మట వెనుక సీటు నుండి మా తల్లిగారు ఒక్క మాటయే అడిగిరి: "బిడ్డా, బండికేమైంది?"

ఆ ప్రశ్నకు ఆనాడు మా యొద్ద సమాధానము లేకపోయెను. అది దొరకుటకు కొన్ని వారములు పట్టెను. దానిని మీకు చెప్పుటయే ఈ ప్రసంగపు ముఖ్యోద్దేశము.

ప్రతి చక్రమునకును నడుమ బోల్టులతో బిగించు ముఖము ఒకటి ఉండును. చక్రపు వెడల్పునకు సరిగా మధ్యనుండు గీతకును, ఈ ముఖమునకును గల దూరమును ఆఫ్‌సెట్ అందురు. దీనిని మిల్లీమీటర్లలో చక్రము వెనుకవైపున 'ఈ.టి.' యను అక్షరములతో అచ్చువేయుదురు. ఈ అంకె తగ్గిన కొలది చక్రము కారు ఒడలి నుండి బయటికి జరుగును. మా క్రొత్త చక్రముల అంకె పాతవాని కంటె 15 తక్కువ. అనగా ఒక్కొక్క చక్రము 15 మిల్లీమీటర్లు బయటికి వచ్చినది. చూచుటకు కారు కాళ్లు చాపి నిలిచినట్లు గంభీరముగా నుండెను. చక్రముల నడిమి దూరము పెరుగుటచే మలుపులలో బరువు ఒకవైపునకు ఒరుగుట కొంచెము తగ్గును గూడ. ఆ మాట కాదనము.

కాని స్టీరింగు తిరుగునపుడు ముందు చక్రము ఒక కనబడని రేఖ చుట్టు తిరుగును. ఆ రేఖను క్రిందికి పొడిగించినచో నేలను ఒకచోట తాకును. టైరు ఆను చోటి మధ్యబిందువునకును, ఈ చోటునకును గల దూరమును స్క్రబ్ వ్యాసార్ధమందురు. ముందు చక్రములతో లాగబడు కార్లలో పెక్కింటికి ఆ రేఖ టైరు మధ్యబిందువునకు కొంచెము వెలుపలనే నేలను తాకునట్లు కంపెనీవారు ఏర్పరచుదురు. అందులో గొప్ప యుక్తి కలదు. ఎడమ చక్రములు బురదలోను, కుడి చక్రములు తారు మీదను ఉన్నపుడు బ్రేకు త్రొక్కినచో కుడివైపున బ్రేకు గట్టిగా పట్టును. కారు కుడికి తిరుగజూచును. అప్పుడు ఈ ఏర్పాటు వలన ముందు చక్రములు తమంతట తామే కొంచెము ఎడమకు తిరిగి, ఆ లాగుడును చాలవరకు సరిచేయును. నడుపువానికి తెలియకుండగనే జరుగు రక్షణ ఇది.

చక్రమును బయటికి జరిపినచో టైరు మధ్యబిందువు ఆ రేఖ దగ్గరకు వచ్చును, లేదా దానిని దాటి వెలుపలికి పోవును. అంతట ఆ రక్షణ క్షీణించును, దాటినచో తలక్రిందులగును. చక్రములు ఎడమకు తిరుగుటకు మారుగా కుడికి తిరిగి లాగుడునకు తోడ్పడును. మన దేశమున బండ్లు ఎడమ ప్రక్కన నడచును గనుక మట్టిలోనికి దిగునవి ఎడమ చక్రములే. లాగునది కుడికి, అనగా ఎదురు వచ్చు బండ్ల వైపునకు. ఆనాడు జరిగిన దానికి చక్రము ఒక్కటియే కారణమనుట న్యాయము కాదు. వాన కలదు, బస్సు కలదు, మా వేగమును కలదు. కాని మమ్ము కాపాడవలసిన యుక్తిని మేమే సొమ్మిచ్చి తీసివేయించుకొంటిమన్నది నిజము.

ఈ సంగతిని మేము మొదట గ్రంథములలో చదివి తెలిసికొనలేదు. ఊరిలో బండ్లు చేసిన పెద్దాయన, వడ్రంగి, మా చక్రమును చూడవచ్చి, ముందుకు వంగి లోపలివైపు చేయి పెట్టి చూచి, "చక్రం ఎంత బయటికి పోతే ఇరుసు మీద అంత బరువు పడ్తది. మేం బండి చేసినా గదే చూస్తం" అనెను. ఎడ్లబండికి చెప్పిన ఆ మాట కారునకును చెల్లును. చక్రము బయటికి జరిగినచో దాని బేరింగులపై వంపు బలము పెరుగును. అవి త్వరగా అరుగును.

ఇచట మా అన్నకొడుకు సంగతి మరల చెప్పవలెను. ఆ నడుమ అతడును, అతని తోటి విద్యార్థులును కలిసి ఒక చిన్న పందెపు కారును తయారుచేయుచుండిరి. 1980ల ఆరంభమున అమెరికాలో మొదలై, పిమ్మట అనేక దేశములకు వ్యాపించిన విద్యార్థుల ఫార్ములా పోటీల పద్ధతిలోనిదే అది. ఒక్కరు కూర్చుండు బండి. ఒకనాడు మేము దానిని చూడబోతిమి. దాని చక్రములు పది అంగుళములవి! "పందెపు బండికి పది, మీ నాయనమ్మ కూర్చుండు బండికి పదునేడా?" అని అడిగితిమి. అతడు తల వంచుకొనెను. ఆ పోటీలలో బాట ఇరుకు, మలుపులు దగ్గర; తేలికయే అచ్చట ప్రాణము. చాల జట్లు పది లేక పదమూడు అంగుళముల చక్రములనే ఎన్నుకొనును. ఆఫ్‌సెట్ లెక్కలు కాగితము మీద వేసి మాకు విప్పిచెప్పినవాడు అతడే. చెప్పిన పిమ్మట, "తప్పు నాది, చిన్నాయనా. బండికి చెప్పులనుకున్న, గవి కాళ్లు" అనెను.

పందెపు కార్ల చరిత్ర అంతయు ఈ మాటకు సాక్ష్యమిచ్చును. 1924లో ఫ్రాన్సులోని లియాన్ నగరపు పందెమునకు బుగాటివారి 35వ రకపు కారు అల్యూమినియపు చక్రములతో వచ్చెను. ఎనిమిది ఆకులు గల ఆ చక్రములో బ్రేకు డ్రమ్ము కూడ కలిసియుండెను. అది అలంకారము కొరకు కాదు. బరువు తగ్గుటకు, బ్రేకు చల్లబడుటకు. అయినను ఆ పందెమున టైర్లు చెడుటచే ఆ కారునకు గెలుపు దక్కలేదు. చక్రమెంత గొప్పదైనను నేలను తాకునది టైరే గదా! తరువాతి యేండ్లలో ఆ రకపు కార్లు పెక్కు పందెములు గెలిచెను.

2021 వరకు ఫార్ములా వన్ కార్లకు 13 అంగుళముల చక్రములే యుండెను. వాని ఎత్తైన రబ్బరు గోడ స్ప్రింగు పనిలో పెద్ద పాలు మోయుచుండెను. 2022లో 18 అంగుళములకు మారిరి. టైరు బయటి వ్యాసము 670 నుండి 720 మిల్లీమీటర్లకు పెరిగెను. అప్పుడు రబ్బరు చేయు పనిని స్ప్రింగులకు అప్పగింపవలసివచ్చి, సస్పెన్షనును క్రొత్తగా రూపొందించిరి. కారు కనీసపు బరువు 752 కిలోల నుండి 798కి పెరిగెను. అందు క్రొత్త చక్రముల పాలును కలదు. ప్రపంచమున మేటి ఇంజనీర్లు చక్రము మార్చినపుడు కారంతయు మార్చుకొనిరి. మనము చక్రము మాత్రము మార్చి, తక్కినదంతయు దానంతట అది సర్దుకొనునని తలంచుచున్నాము.

మన హైదరాబాదులోనే 2023 ఫిబ్రవరి 11వ తేదీన హుస్సేన్‌సాగరు ఒడ్డున విద్యుత్తు కార్ల ఫార్ములా-ఇ పందెము జరిగెను. జాన్ ఎరిక్ వెర్న్ గెలుపొందెను. ఆ పందెమున అన్ని జట్లకును ఒకే కంపెనీ టైర్లు. ఎండకును వానకును అవే టైర్లు. అచ్చటి నేర్పంతయు ఇచ్చిన టైరులో గాలి ఎంతయుండవలెను, చక్రము ఎంత వాలియుండవలెను, టైరు ఎంత వేడెక్కవలెను అను వానిని సరిచూచుకొనుటలోనే యుండెను. మనకును ఇందులో పాఠము కలదు. వేలకు వేలు పోసి చక్రములు కొనువారిలో ఎందరు టైర్ల గాలిని నెలకొక మారైన చూపించుకొనుచున్నారు?

అయితే చక్రములు మార్చనే కూడదా? అట్లనుట లేదు. మార్చువారు కొన్ని సంగతులు గమనింపవలెను. మొదట, అదే కారు పై రకమునకు కంపెనీవారే ఇచ్చు కొలత యేదో కనుగొని, దానిని మించిపోకుండుట మేలు. బయటి వ్యాసము పాతదానికి సమానముగా నుండవలెను. వ్యాసము నూటికి మూడు వంతులు పెరిగినచో మీటరు 80 చూపునపుడు బండి 82 దాటి పోవుచుండును. బ్రేకునకు శ్రమయు పెరుగును. టైరు మీది బరువు సూచిక పాతదానికి తగ్గరాదు. ఆఫ్‌సెట్ కంపెనీ చెప్పినదే యుండవలెను. నడిమి రంధ్రము కారు హబ్బునకు సరిగా కూర్చుండవలెను. వదులుగా నున్నచో తగిన రింగు వేయించవలెను, లేనిచో వేగమున స్టీరింగు వణకును. నట్ల అడుగు ఆకారము చక్రపు గుంటకు సరిపోవలెను. కొలత గల పానాతో బిగించి, నూరు కిలోమీటర్లు నడచిన పిమ్మట మరల సరిచూడవలెను. అన్నింటికి మించి, కొనుటకు ముందు చక్రమును కాంటా మీద పెట్టవలెను. అంగడివాడు నవ్వినను ఫరవాలేదు.

చట్టము మాటయు కలదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను, తయారుచేసినవారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ నియమమును నొక్కి చెప్పెను. మార్పు చేసినవారు బీమా కంపెనీకి తెలుపకున్నచో ఆపద సమయమున చిక్కులు కలుగవచ్చును.

మేము చివరకు ఏమి చేసితిమో చెప్పి ముగింతుము. ఆ పదునేడు అంగుళముల చక్రములను తీసివేసితిమి. మా కారు పై రకమునకు కంపెనీవారిచ్చు పదునారు అంగుళముల చక్రములను, 195/55 టైర్లను తెచ్చుకొంటిమి. వాని బయటి వ్యాసము సుమారు 621 మిల్లీమీటర్లు, పాతదానికి సరిసమానము. ఆఫ్‌సెట్ పాతదే. కాంటా మీద టైరుతో 16 కిలోలు తూగెను. రబ్బరు గోడ 107 మిల్లీమీటర్లు. మలుపులో మాట వినుటకును, గుంతలో దెబ్బ ఓర్చుటకును నడిమి మార్గము. వీధివారు ఈ చక్రములను చూచి ఏమియు అనలేదు.

మొన్న అదే బాటలో, అదే వాన వేళ మా తల్లిగారిని కరీంనగరము నుండి మరల తీసికొని వచ్చితిమి. బస్సులకు దారి ఇచ్చుచు, గుంతలను తప్పించుచు నెమ్మదిగా వచ్చితిమి. ఎర్రగట్టు గుట్ట దీపములు దూరమున కానవచ్చుచుండగా హసన్‌పర్తి చేరితిమి. దారి పొడుగున వెనుక సీటు నుండి ఒక్క ప్రశ్నయు రాలేదు. తిరిగి చూడగా ఆమె నిద్రించుచుండిరి.